బాపు బుల్లెట్‌కు ఇంట్లో కట్టిన రెక్టిఫయర్: జనవరి నుంచి మే దాకా

జనవరి 5

నిన్న రాత్రి హనుమకొండ సుబేదారి నుంచి ఇంటికి వస్తుంటే హెడ్‌లైటు కిరోసిన్ బుడ్డిలా అయిపోయింది. ముందు గుంట ఉందో లేదో కూడా కనపడలేదు. బండి బాపుది. 1984లో కొన్న ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, 350 సీసీ, 6 ఓల్టుల కరెంటు. పశువైద్యశాలలో కాంపౌండరుగా ఆయన పరకాల, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగింది దీని మీదే. ఇప్పుడు నడిపేది నేను. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని చప్పుడు విని జబ్బు చెప్తాడు. నిన్న గేటు దగ్గర ఆపగానే, "బ్యాటరీ నింపుతలేదు బిడ్డా, ప్లేటు పోయినట్టున్నది" అన్నాడు.

ప్లేటు అంటే రెక్టిఫయర్. ఇంజను ఎడమ పక్కన, ప్రైమరీ చైను కేసులో, క్రాంకు కొసకు ఒక మ్యాగ్నెట్ బిగించి ఉంటుంది. అది తిరుగుతుంటే చుట్టూ ఉన్న కాయిల్‌లో ఏసీ కరెంటు పుడుతుంది. బ్యాటరీకి కావలసింది డీసీ. ఆ మధ్యలో నిలబడి కరెంటును ఒకే వైపు నడిపించే తలుపు రెక్టిఫయర్.

మా బండికి మొదట వచ్చింది సెలీనియం పూత ఉన్న గుండ్రటి పలకల దొంతర. అది నేను కాలేజీలో ఉన్నప్పుడే కాలిపోయింది. ఆ వాసన ఇప్పటికీ గుర్తుంది, కుళ్లిన వెల్లుల్లి లాంటిది. సెలీనియం పొగ విషం. పాత బండ్లతో పనిచేసే వాళ్లు ఆ వాసన వస్తే ముందు ఇంజను ఆపి పక్కకు జరగాలి, తర్వాతే చూసుకోవాలి.

ఇప్పుడు బండిలో ఉన్నది రెండు నెలల కింద ఒక షాపులో కొన్న రెడీమేడ్ రెక్టిఫయర్. నల్లటి డబ్బా, పైన అల్యూమినియం రేకు. ఇవాళ దాన్ని సుత్తితో పగలగొట్టాను. లోపల కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్లు నాలుగు, చిటికెన వేలి గోరంతవి, 3 ఆంపియర్లవి. వాటికీ పైన రేకుకూ మధ్య అర అంగుళం మందాన రెజిన్ పోసి ఉంది. అంటే ఆ రేకు చల్లబరచడానికి కాదు, చూపడానికి. చాలా కోపం వచ్చింది. ఇలాంటి సామాను నమ్ముకుని రాత్రిపూట లారీల మధ్య బండి నడిపాను.

ఇక నేనే కడతాను.

జనవరి 11

కట్టడానికి ముందు కాయిల్ బాగుందో లేదో తేల్చుకోవాలి. కాయిల్ చెడిపోతే ఎంత మంచి రెక్టిఫయర్ పెట్టినా దండగే.

మా కాయిల్‌ను ఎప్పుడో రీవైండింగ్ చేయించారు. అప్పుడే లోపలి చుట్లన్నీ కలిపేసి రెండే తీగలు బయటికి తీశారు. వాటి మధ్య రెసిస్టెన్స్ ఓమ్ కన్నా తక్కువ, ఇంజను బాడీకి తగలడం లేదు. రెండు తీగలూ విడదీసి బండి స్టార్ట్ చేసి, మల్టీమీటర్ ఏసీలో పెట్టి చూశాను. స్లోలో 9 ఓల్టులు, మామూలు రేసులో 24, గట్టిగా ఇస్తే 40 దాకా వెళ్లింది. కాయిల్‌కు ఢోకా లేదు.

బ్యాటరీ ఎర్త్ కూడా చూసుకున్నాను. మా బండిలో బాడీకి తగిలించింది నెగెటివ్ తీగ. పాత బ్రిటిష్ బండ్లు చాలావాటిలో పాజిటివ్‌ను బాడీకి ఇచ్చేవాళ్లు. అలాంటి బండికి చూసుకోకుండా బ్రిడ్జి, అంటే నాలుగు డయోడ్ల రెక్టిఫయర్, బిగిస్తే అది ఆ క్షణమే పోతుంది.

జనవరి 19

పండుగ సెలవులు అయిపోయాయి, పని మొదలైంది. ఎలక్ట్రానిక్స్ దుకాణంలో కేబీపీసీ 3510 అనే బ్రిడ్జి తెచ్చాను. అగ్గిపెట్టె కన్నా చిన్న చదరపు బిళ్ల, నడుమ బోల్టుకు రంధ్రం, పైన నాలుగు కాళ్లు. 35 ఆంపియర్లు, 1000 ఓల్టులు తట్టుకుంటుందని రేటింగు. నాలుగు డయోడ్లూ దాని లోపలే ఉంటాయి. ఒక మూల కొంచెం కోసినట్టు ఉంటుంది, ఆ మూలన ఉన్నది పాజిటివ్. మిగిలిన మూడు కాళ్లూ ఒక తీరుగా ఉంటే ఇది మాత్రం అడ్డంగా తిరిగి ఉంటుంది. దానికి ఎదురు మూల నెగెటివ్, మిగతా రెండూ ఏసీ.

150 మిల్లీమీటర్ల పొడవు, 100 వెడల్పు, 3 మందం ఉన్న అల్యూమినియం పలక మీద బిగించి, టూల్ బాక్సు వెనక పాత రెక్టిఫయర్ ఉన్న చోటే పెట్టాను. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వాడాను. బ్యాటరీ పాజిటివ్‌కు వెళ్లే దారిలో 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాను.

బ్యాటరీకి కరెంటు చేరుతోందో, బయటికి పోతోందో చూపే అమ్మీటర్ అంటే బుల్లెట్ నడిపేవాళ్లకు ఎందుకంత ప్రేమో బయటివాళ్లకు తెలియదు. పాయింట్ల (స్పార్కును నడిపే పాతకాలపు స్విచ్చు) బండిలో కిక్కు కొట్టే ముందు కాలితో మెల్లగా నొక్కుతూ ఆ ముల్లునే చూస్తాం. అది నడుమకు వచ్చి ఆగితే పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది, అప్పుడు సిలిండరులో ఒత్తిడి వదిలే డీకంప్రెసర్ లివరు పట్టి ఒక పిసరు దాటించి కొడతాం. ఇవాళ ఆ ముల్లు, చాలా రోజుల తర్వాత, బండి కదిలాక కుడి వైపుకు వెళ్లింది. హంటర్ రోడ్డు మీద నాలుగో గేరులో 34 కిలోమీటర్ల వేగం దాటాక చార్జింగు మొదలవుతోంది. అంతకు తక్కువలో ముల్లు ఎడమ పక్కనే ఉంటోంది.

34 ఎక్కువ. వరంగల్ చౌరస్తా, పోచమ్మమైదాన్ ట్రాఫిక్‌లో ఆ వేగం ఎక్కడ దొరుకుతుంది?

ఫిబ్రవరి 2

లెక్క వేసుకుని కూర్చున్నాను. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ప్రతి ఏడాది బోర్డు మీద ఫుల్ వేవ్ బ్రిడ్జి గీస్తాను. గీసేటప్పుడు డయోడ్ దగ్గర 0.7 ఓల్టు పోతుందని ఒక మాట అని ముందుకు వెళ్లిపోతాను. ఆ మాట బరువు ఇప్పుడు తెలిసింది. బ్రిడ్జిలో కరెంటు ఎప్పుడూ రెండు డయోడ్ల గుండా పోవాలి. కరెంటు పెరిగితే ఒక్కో డయోడు 0.7 దగ్గర ఆగదు, 0.9 దాటుతుంది. రెండూ కలిపితే దాదాపు 2 ఓల్టులు. 12 ఓల్టుల బండికి అది ఫర్వాలేదు. 6 ఓల్టుల బండిలో బ్యాటరీ నిండాలంటే 7.2 దాకా కావాలి. దాని పైన ఇంకో 2 ఓల్టులు కాయిల్ పుట్టించాలి, అంతవరకు చార్జింగు రాదు. 34 కిలోమీటర్ల వేగం అక్కడి నుంచి వచ్చింది.

పోయిన ఆ 2 ఓల్టులు ఎక్కడికి పోతాయంటే, వేడిగా మారుతాయి. 8 ఆంపియర్లు నడిస్తే 16 వాట్లు. టంకం పెట్టే చిన్న ఐరన్ 25 వాట్లది. దానిలో సగానికి మించిన వేడి, ఆ చిన్న బిళ్లలో పుడుతుంది.

కొలిచాను కూడా. కారు బ్యాటరీకి 100 వాట్ల హాలోజన్ బల్బు కలిపి, మధ్యలో బ్రిడ్జిని పెట్టాను. ఆ బల్బు సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది, కాబట్టి ఇంజను లేకుండానే ఇంట్లో బల్ల మీద పరీక్ష. రెండు డయోడ్ల మీద 1.85 ఓల్టులు పడింది, అంటే 15 వాట్లు. గదిలో 29 డిగ్రీలు. అరగంటకు పలక 78 దగ్గర నిలబడింది. అంటే చుట్టూ ఉన్న గాలి కన్నా 49 ఎక్కువ.

తర్వాత కాజీపేట దాకా వెళ్లొచ్చాను. మల్టీమీటర్‌తో వచ్చిన వేడి కొలిచే తీగను పలకకు కాకుండా, టూల్ బాక్సు వెనక గాలిలో వేలాడదీశాను. బయట 31. అక్కడ 52. ఇంజను సిలిండరును తాకి వచ్చిన గాలంతా అక్కడే తిరుగుతోంది. ఇది ఫిబ్రవరి. ఎండాకాలంలో మా దగ్గర నీడలోనే 43, 44. అప్పుడు ఆ మూల 65 ఉంటుంది, దానికి 49 కలిపితే 114. డయోడ్ లోపల ఇంకా ఎక్కువ. 150 దాటకూడదని రేటింగు, అది దాటకపోవచ్చు. కానీ అంత వేడిలో రోజూ ఉడికే సామాను ఎన్నాళ్లు ఉంటుంది?

కాబట్టి చేయవలసినవి రెండు. పుట్టే వేడిని తగ్గించాలి, పుట్టిన దాన్ని చల్లటి గాలికి చేర్చాలి. పలక పెద్దది చేయడం ఈ రెంటిలో ఏదీ కాదు.

ఫిబ్రవరి 16

వేడి తగ్గించడానికి షాట్కీ డయోడ్లు పెడదామనుకున్నాను. వీటిలో ఓల్టేజీ నష్టం మామూలు సిలికాన్ డయోడులో సగం. కొత్తవి కొననక్కర లేదు, పాత కంప్యూటర్ల పవర్ సప్లైలో ఉంటాయి. కాలేజీ ల్యాబులో పక్కన పడేసిన మూడింటిని అడిగి తెచ్చుకున్నాను. 30 ఆంపియర్లు, 45 ఓల్టులవి ఒక్కోదానిలో ఒకటి దొరికింది.

వీటితో ఒక చిక్కు ఉంది. మూడు కాళ్ల ప్యాకేజీలో రెండు డయోడ్లు ఉంటాయి, రెంటి కేథోడు (కరెంటు బయటికి వచ్చే కొస) నడుమ కాలికి, వెనక లోహపు వీపుకు కలిసి ఉంటుంది. బ్రిడ్జి పై సగానికి ఇది సరిగ్గా సరిపోతుంది: రెండు ఆనోడ్లకు (కరెంటు లోపలికి పోయే కొసలకు) కాయిల్ తీగలు రెండూ, నడుమ కాలు పాజిటివ్. కింది సగానికి తిరగేసిన డయోడ్లు కావాలి. అందుకని ఇంకో రెండు ప్యాకేజీలు. ఒక్కోదానిలో రెండు ఆనోడ్లనూ కలిపి నెగెటివ్‌కు ఇచ్చి, నడుమ కాళ్లు చెరో కాయిల్ తీగకు. మొత్తం మూడు ప్యాకేజీలు. మూడింటి వీపులూ మూడు వేరు వేరు తీగలు. ఒకటి బ్యాటరీ పాజిటివ్, ఒకటి కాయిల్ మొదటి తీగ, ఇంకోటి రెండో తీగ. మూడింటినీ ఒకే అల్యూమినియం మీద నేరుగా బిగిస్తే అంతా షార్టు.

అంటే ఒక్కోదాని కింద మైకా రేకు పెట్టాలి. కరెంటును ఆపి వేడిని పోనిచ్చే వస్తువు కావాలి, అభ్రకం ఆ పని చేస్తుంది, పల్చగా ఉన్నంతవరకు. మైకా కోసం ములుగు రోడ్డులో మోటార్ వైండింగ్ షాపు అన్న దగ్గరికి వెళ్లాను. బావుల మీది మోటార్లు ఎండాకాలం ముందు ఆయన దగ్గర వరస కడతాయి, నిలబడటానికి చోటు ఉండదు. చుట్టు పోసుకుంటూనే నా మూడు డయోడ్లు చూశాడు. "చెల్లె, మైకా ఇస్త గని, దాని కింద సాపుగుండాలె. ముల్లంత ఉన్నా చింపుతది" అన్నాడు. డబ్బులు తీసుకోలేదు.

రాత్రి కూర్చుని బిగించాను. మైకాకు రెండు పక్కలా తెల్లటి హీట్‌సింక్ పేస్టు పల్చగా రాశాను. పెద్ద ప్యాకేజీలు కాబట్టి స్క్రూ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ ఉంది, స్క్రూకు వేరే బుష్ అక్కర లేదు. చిన్న సైజువి వాడితే బుష్ తప్పదు. బల్ల మీద అదే హాలోజన్ బల్బుతో కొలిస్తే రెండు డయోడ్ల మీద 0.95 ఓల్టు. వేడి 15 వాట్ల నుంచి ఎనిమిదికి లోపు పడిపోయింది. బాపును లేపి చూపించాలనిపించింది, పదకొండు దాటింది కాబట్టి ఊరుకున్నాను.

ఫిబ్రవరి 23

బండికి పెట్టి హంటర్ రోడ్డుకే వెళ్లాను. చార్జింగు 27 దగ్గరే మొదలైంది. అంతవరకు బాగుంది. కానీ వేగం పెంచినా ముల్లు పైకి పోలేదు. 60లో ఎంత ఉండాలో దానిలో సగమే. ఇంటికి వచ్చేసరికి ప్రైమరీ కేసు ఎప్పటి కన్నా వేడిగా ఉంది.

డయోడ్లు ఒక్కొక్కటీ మీటరుతో చూశాను, అన్నీ బాగున్నాయి. తీగలు బాగున్నాయి. రెండు గంటలు టెన్షన్ పడ్డాక, కాయిల్ తీగ ఒకదానికీ అల్యూమినియానికీ మధ్య మీటరు పెడితే కూ అని మోగింది. మోగకూడదు. ఒక మైకా చిరిగింది.

స్క్రూ విప్పి ప్యాకేజీని పైకి తీశాను. మైకాను వెలుగుకు ఎదురు పెట్టి చూస్తే, రంధ్రం పక్కన సూది మొనంత చీలిక. దాని కింద అల్యూమినియం రంధ్రం అంచు మీద వేలు తిప్పాను, గోరుకు తగిలింది. డ్రిల్ బిట్ బయటికి వచ్చేటప్పుడు లేచిన లోహపు ముల్లు, ఇసుక రేణువంత. వైండింగ్ అన్న వారం కింద చెప్పిన మాట అదే. నేను పలక మొత్తం చదును చూశాను గానీ రంధ్రం అంచు చూడలేదు.

సగమే ఎందుకు వచ్చిందో కాగితం మీద గీస్తే అర్థమైంది. కాయిల్ ఒక కొస బాడీకి తగిలిపోయింది. కరెంటు ఒక వైపు తిరిగినప్పుడు బ్యాటరీకి చేరుతోంది. రెండో వైపు తిరిగినప్పుడు మైకా చిరిగిన చోటు నుంచి బాడీకి వెళ్లి, అక్కడి నుంచి కింది డయోడు గుండా మళ్లీ కాయిల్‌లోకే. ఆ సగం కరెంటు కాయిల్‌ను కాల్చడానికే పనికొచ్చింది. ఫ్యూజు ఎందుకు పోలేదంటే, ఈ దారిలో ఫ్యూజే లేదు.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి: రంధ్రం వేశాక దానికన్నా రెండింతల లావు బిట్‌ను చేత్తో పట్టుకుని రెండు చుట్లు తిప్పుతాను, అంచు లోపలికి వాలుతుంది. తర్వాత కిటికీ అద్దం ముక్క మీద 400 నంబరు ఎమరీ పేపరు పరిచి, పలకను దాని మీద వేసి రుద్దుతాను. మొదట్లో మెరుపు అక్కడక్కడే వస్తుంది, పలక ఎక్కడ వంగి ఉందో అదే చెప్తుంది. మెరుపు అంతటా ఒక్కటిగా వచ్చేదాకా రుద్దాలి. బిగించాక మూడు వీపులకూ పలకకూ మధ్య మీటరు పెట్టి, మోగకపోతేనే బండికి.

ఇంకోటి కూడా చూశాను. పాత పలక మీది కేబీపీసీని విప్పితే కింద పేస్టు ఒక మూలన మాత్రమే పల్చగా పరుచుకుని, మిగతా మూడు మూలల్లో వెన్నలా మందంగా, నేను రాసింది రాసినట్టే ఉంది. అంటే బిళ్ల ఆ ఒక్క మూలతోనే లోహాన్ని తాకుతోంది. ఫిబ్రవరి మొదట్లో కొలిచిన ఆ 78 డిగ్రీలలో కొంత నా చేతి పని.

మార్చి 9

షాట్కీలు మూడూ పోయాయి.

హసన్‌పర్తి దాటి ఎల్కతుర్తి వైపు వెళ్తుంటే అమ్మీటర్ ముల్లు ఒక్కసారి ఎడమకు పడిపోయింది. బండి ఆగలేదు, బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి. లైటు ఆపేసి మెల్లగా ఇంటికి చేరాను. ఫ్యూజు హోల్డర్ క్లిప్పు వదులై ఊగుతోంది. సింగిల్ సిలిండర్ బండి ఊపు అది. ఫ్యూజు దారి తెగగానే రెక్టిఫయర్‌కు బ్యాటరీ ఆసరా పోయింది, కాయిల్ ఓల్టేజీ పైకి లేచింది. జనవరిలో నేనే రాసుకున్నాను, గట్టిగా రేసు ఇస్తే 40 ఓల్టులని. మీటరు చూపే ఏసీ లెక్క వేరు, అల కొన దాకా వెళ్లేది దానికి 1.414 రెట్లు. అంటే 56. డయోడు రేటింగు 45. ఆ అంకె నా పుస్తకంలోనే ఉంది, డయోడ్లు తీసుకునేటప్పుడు తిరగేసి చూడలేదు. లైట్లు, ఇగ్నిషన్ కాయిల్ ఫ్యూజుకు బ్యాటరీ వైపు ఉన్నాయి కాబట్టి బల్బులు బతికాయి.

ఈసారి కొత్తవి కొన్నాను: 40 ఆంపియర్లు, 100 ఓల్టులు తట్టుకునే షాట్కీలు. ఓల్టేజీ నష్టం కొంచెం ఎక్కువ, 8 ఆంపియర్ల దగ్గర రెండింటికీ కలిపి 1.25. వేడి 10 వాట్లు. 45 ఓల్టుల వాటి కన్నా రెండు వాట్లు ఎక్కువ, సిలికాన్ బ్రిడ్జి కన్నా ఐదు తక్కువ. ఆ రెండు వాట్లు భద్రతకు ఇచ్చే ఖరీదు, సంతోషంగా ఇస్తాను. పాత బండికి షాట్కీ పెట్టాలనుకునే వాళ్లు 45 ఓల్టులవి ముట్టుకోకండి. ఫ్యూజు హోల్డర్ కూడా స్క్రూ మూత ఉన్నది వేశాను.

మార్చి 30, ఉగాది

పచ్చడి అయ్యాక పాత ఇనుప సామాన్ల దుకాణం నుంచి తెచ్చినవి వాకిట్లో పరిచాను. కంప్యూటర్ ప్రాసెసర్ మీది కూలర్ ఒకటి, పాత ఆంప్లిఫయర్ నుంచి ఊడదీసిన హీట్‌సింక్ (వేడిని గాలికి వదిలే ఫిన్లు, అంటే రేకులు, ఉన్న దిమ్మె) ఒకటి. కూలర్ రేకులు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా ఉన్నాయి. దానికి ఫ్యాను కావాలి. ఫ్యాను లేకుండా ఆ సందుల్లో గాలి కదలదు, మా రోడ్ల దుమ్ముకు నెలలో పూడిపోతుంది. ఆంప్లిఫయర్‌ది వేరు. ఫిన్ల మధ్య వేలు దూరేంత ఎడం, అడుగు మందం 6 మిల్లీమీటర్లు. దాన్నే కోసుకున్నాను, 120 మిల్లీమీటర్ల పొడవు.

అడుగు మందం గురించి ఒక మాట. వేడి డయోడు వీపు కింద ఒక చిన్న చోట పుడుతుంది. అక్కడి నుంచి పక్కలకు పాకి ఫిన్లకు చేరాలి. పల్చటి రేకు అయితే నడుమ కాలుతుంది, అంచులు చల్లగానే ఉంటాయి, అంచుల దాకా ఉన్న లోహమంతా బరువు తప్ప ఉపయోగం లేదు. మూడు ప్యాకేజీలలో పాజిటివ్‌ది మొత్తం కరెంటును మోస్తుంది, దాని వంతు 5 వాట్లు. మిగతా రెండూ సగం సగం, రెండున్నర చొప్పున. అందుకే దాన్ని నడుమ పెట్టాను, రెండు పక్కలకూ వేడి పాకేలా.

నల్ల రంగు వేయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. ఆంప్లిఫయర్ హీట్‌సింక్‌కు ఫ్యాక్టరీ నలుపు ముందే ఉంది, అది పల్చటి పొర. దాని మీద మళ్లీ ఎనామిల్ పూస్తే దుప్పటి కప్పినట్టే.

ఏప్రిల్ 13

ఎక్కడ పెట్టాలనేదే అసలు ప్రశ్న. 1960లలో ట్రయంఫ్ లాంటి కొన్ని బ్రిటిష్ బండ్లకు 12 ఓల్టులు వచ్చాక, చార్జింగును అదుపు చేసే జీనర్ డయోడును ఫిన్లున్న అల్యూమినియం దిమ్మెకు బిగించి హెడ్‌లైటు కిందే, గాలికి ఎదురుగా పెట్టేవాళ్లు. వాళ్ల చలి దేశంలోనే అంత జాగ్రత్త పడ్డారు, మనం ఇంజను వెనక దాస్తున్నాం.

హెడ్‌లైటు కింద పెడితే హ్యాండిల్‌తో పాటు తీగలు అటూ ఇటూ వంగుతాయి, ఎప్పుడో ఒకనాడు లోపల తెగుతాయి. అందుకని ఇంజను ముందున్న ఫ్రేము పైపుకు, పై భాగంలో బిగించాను. అక్కడ సిలిండరు వేడి ఇంకా తాకని గాలి వస్తుంది, ట్యాంకు నీడ పడుతుంది. ఫ్రేముకు రంధ్రం వేయలేదు, వెల్డింగు పెట్టలేదు. బాపు బండి ఫ్రేమును కోయడానికి నా చేయి రాదు. రెండు క్లాంపులు, లోపల సైకిల్ ట్యూబు ముక్క. ఫిన్లు నిలువుగా ఉండేలా తిప్పాను, బండి ఆగినా వేడి గాలి పైకి లేచి పోవాలి.

ట్యూబు ముక్క వల్ల హీట్‌సింక్ ఫ్రేముకు తగలదు. అందుకని నెగెటివ్‌కు ఫ్రేమును నమ్మకుండా వేరే తీగ నేరుగా బ్యాటరీ దాకా లాగాను. డయోడు కాళ్లకు తీగ బరువు పడకుండా, తీగలన్నింటినీ రెండు అంగుళాల దూరంలో క్లిప్పుతో పట్టించాను. ఈ బండి ఊపుకు కాళ్లు ముందు విరుగుతాయి, డయోడు తర్వాత పోతుంది. కాళ్ల దగ్గర టంకం మీద స్లీవు, దాని మీద సిలికాన్ గమ్ము. గమ్ము కాళ్ల వరకే. ప్యాకేజీ మీద పూస్తే వేడి పోదు.

బురద ఒక్కటే అనుమానం. ముందు చక్రం నుంచి ఎగిరేది దీని మీదికే వస్తుంది. వానాకాలంలో ఫిన్లు కడుగుతూ ఉండాలి.

ఏప్రిల్ 27

ఇవాళ అసలు పరీక్ష. మధ్యాహ్నం పన్నెండుకు బయల్దేరాను, కావాలనే. అమ్మ తిట్టింది. వాకిట్లో వేపచెట్టు నీడలో 43. తలకు తడి తువ్వాలు, మీద హెల్మెట్, రెండు సీసాల నీళ్లు. ములుగు రోడ్డు మీదుగా గూడెప్పాడు, ఆత్మకూరు, మల్లంపల్లి, ములుగు, అక్కడి నుంచి పాలంపేట రామప్ప గుడి. అటు 70 కిలోమీటర్లకు దగ్గర.

లైటు పగలంతా వేసే ఉంచాను. దానికి కారణం ఉంది. ఈ బండిలో రెగ్యులేటర్ లేదు. 8 ఆంపియర్లు వస్తుంటే ఇగ్నిషన్‌కు రెండు పోతే మిగతాదంతా చిన్న 6 ఓల్టుల బ్యాటరీలోకి పోయి నీళ్లను మరిగిస్తుంది. 30 వాట్ల హెడ్‌లైటు 5 ఆంపియర్లు తింటుంది, లెక్క సరిపోతుంది. దారిలో ప్రతి ఊళ్లోనూ జనం చేయి ఎత్తి వేళ్లు మూసి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేశారు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లన్నింటికీ పగలు కూడా లైటు వెలుగుతూనే ఉంటుంది, వాటికి ఎవరూ సైగ చేయరు. బుల్లెట్ చప్పుడు వినగానే మాత్రం చేయి లేస్తుంది. అందరికీ తల ఊపాను.

ఆత్మకూరు దగ్గర ఆగి కొలిచాను, హీట్‌సింక్ 54. ములుగులో 55. చుట్టూ గాలి 43 ఉన్నప్పుడు పన్నెండు డిగ్రీలే ఎక్కువ. వీపు దగ్గర, మైకా పైన, ఇంకో నాలుగు. టూల్ బాక్సు వెనక ఉన్న పాత పలకకు లెక్క వేసిన 114 గుర్తొచ్చింది. వాట్లు మూడో వంతే తగ్గాయి. మిగతా తేడా అంతా గాలిది, చదునుగా రుద్దిన ఆ అడుగుది.

రామప్ప చెరువు కట్ట మీద చెట్టు కింద ఆపి, ఇంజను ఆపాక కూడా చూశాను. ఆగిన బండి మీద ఇంజను వేడి పాకుతుంది కదా. ఐదు నిమిషాలకు 58, అక్కడి నుంచి దిగడం మొదలైంది. అరచేయి ఫిన్ల మీద ఆనించాను. వేడిగా ఉంది. పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోగలిగాను.

చార్జింగు మొదలయ్యేది 29 దగ్గర.

మే 4

నిన్న రాత్రి బాపును వెనక కూర్చోబెట్టుకుని కాజీపేట చౌరస్తా దాకా వెళ్లాను. ఆయన బండి ఎక్కక రెండేళ్లు అవుతోంది. లైటు వేసి 40లో పోతుంటే భుజం మీది నుంచి తొంగి అమ్మీటర్ చూస్తూనే ఉన్నాడు. ముల్లు నడుమ నిలబడింది, కుడికి ఒక వెంట్రుక వాసి.

"నడుమ నిలిచింది" అన్నాడు. కొంతసేపటికి మళ్లీ, "ఆత్మకూరు కాడ రాత్రి ఎన్ని సార్లు ఈ లైటు మలిగి ఒక్కన్నే కూసున్ననో" అన్నాడు. నాకు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు అది.

ఇంటికి వచ్చాక టార్చి పట్టుకుని బ్యాటరీ నీళ్లు చూశాను. మూడు గదుల్లో నడిమిది ఒక గీత తగ్గింది. పోశాను. వచ్చే ఆదివారం మళ్లీ చూడాలి. ఆ గది ఒక్కటే తగ్గుతూ పోతే తప్పు రెక్టిఫయర్‌ది కాదు, బ్యాటరీది.